మిషన్ ఇంటికొచ్చాక

జూన్ 4

అన్నయ్యకి,

ఇక్కడ అందరం బాగున్నాం. వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పోయినసారి నువ్వు పంపిన ఫొటోలో నువ్వు సన్నబడ్డావు, వదిన సన్నబడలేదు. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించకు.

సంగతేమిటంటే, షెడ్డు ఖాళీ చేసేశాం. ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్‌ని ఇంటికి తెచ్చి ముందు గదిలో పెట్టాం. షెడ్డు దూరమైపోయింది, వానొస్తే పైకప్పు కారుతోంది, మిషన్ మీద గొడుగు పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. అందుకని మార్చాం. కానీ అది గుమ్మంలో పట్టలేదు. తలుపులు ఊడదీశాం, అయినా పట్టలేదు. చివరికి మిషన్నే ఊడదీయాల్సి వచ్చింది. పక్కింటి స్కూటర్ మెకానిక్ వచ్చి ముందు కట్టర్ తిరిగే హెడ్ దించాడు, తర్వాత అది పట్టుకుని ఉండే నిలువు కాలమ్‌ని దిమ్మ మీంచి విప్పాడు. మూడు ముక్కలూ లోపలికి మోయించి, శుభ్రంగా తుడిచి మళ్ళీ బిగించాడు. మంచివాడు. టీ కూడా రెండోసారి అడిగితేనే తాగాడు.

తిరుగుతోంది, కానీ పని బాగా రావడం లేదు. ఒక పలకని చదును చేద్దామని కట్టర్‌ని అటూ ఇటూ నడిపితే ప్రతి వరసకీ మధ్య చిన్న మెట్టు మిగులుతోంది. కంటికి కనపడదు. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. ప్రింటింగ్ ప్రెస్సు ఆయన రోలర్ల కోసం చేయమన్న బ్రాకెట్లు ఆగిపోయాయి.

ఊడదీసి బిగించాక దేన్ని ముందు సరిచూడాలో నిన్ను అడగమన్నారు మీ బావ. ఆయనకి తెలియక కాదు. గనిలో నువ్వు పెద్ద పెద్ద మిషన్లు విప్పి బిగిస్తుంటావు కదా, అందుకని.

వదినకి నమస్కారాలు చెప్పు.

చెల్లి


జూన్ 13

చెల్లాయ్,

మీ వదిన మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నువ్వు వద్దన్న ముక్క ఆవిడే చదువుకుంది, ఎందుకంటే ఈ ఇంట్లో ఉత్తరాలు విప్పేది ఆవిడ. జవాబు నీకు నేరుగా చెబుతానంది. నేను మధ్యలో లేను.

బావ నన్ను సలహా అడిగాడా! ఈ తేదీకి క్యాలెండర్‌లో ఎర్రటి సున్నా చుట్టి గోడకి తగిలించాను. గనికి రాకముందు నేనూ బావా ఒకే ఫ్యాక్టరీలో చేశాం. కొలత చూసే డయల్ ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది బావే, నేర్పినంతసేపూ గాడిదా అనే పిలిచాడు. అలాంటి మనిషి నన్ను అడగడమే వింత, అదీ నీ చేత రాయించడం ఇంకా వింత. పోయినసారి వచ్చినప్పుడు ఆ మిషన్‌ని ముసలి గుర్రం అన్నానని భోజనం మధ్యలో లేచిపోయాడు. ఆ అలక ఇంకా తీరలేదన్నమాట.

సరే, చెప్పు. మెట్లు పడుతున్నాయంటే హెడ్ ఒక పక్కకి ఒరిగి ఉంది. డయల్‌ని కట్టర్‌ని తిప్పే స్పిండిల్‌కి బిగించి, దాని మొన మిషన్ బల్లకి ఆనేలా పెట్టి, స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పమను. ఎడమ పక్క, కుడి పక్క ముల్లు ఒకే చోట నిలవాలి. నిలవకపోతే హెడ్ బోల్టులు కొంచెం వదులు చేసి, మెత్తటి సుత్తితో తట్టి, మళ్ళీ తిప్పి చూడాలి. బోల్టు బిగించేటప్పుడు మళ్ళీ జరుగుతుంది, కాబట్టి ఓపిక ఉండాలి. ముందూ వెనకా కాస్త తేడా కనిపిస్తే వదిలేయొచ్చు. ఆ హెడ్ అటువైపు తిరిగే రకం కాదు.

ఇదంతా బావకి చెప్పడం అంటే వంటవాడికి ఉప్పెక్కడుంటుందో చెప్పడం లాంటిది. అయినా అడిగాడు కాబట్టి రాశాను. ఈసారి తన చేత్తో రెండు ముక్కలు రాయమను. నన్ను తిట్టినా ఫర్వాలేదు.

అన్నయ్య


జూలై 2

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాం. రెండు రోజులు పట్టింది. బోల్టు బిగించేసరికి ముల్లు పక్కకి పోవడం, మళ్ళీ వదులు చేయడం, మళ్ళీ తట్టడం. నాలుగో బోల్టు మరీ మొండిది. రెండు చేతులూ వేసి వేలాడితే గానీ బిగియదు. అరచేతుల్లో బొబ్బలొచ్చాయి. కానీ మెట్లు పోయాయి. పలక మీద గోరు జారిపోతోంది. నీకు కృతజ్ఞతలు.

ఇప్పుడింకో చిక్కు. బ్రాకెట్ మందంగా ఉంటుంది. దానికి ముందు పొడుగాటి డ్రిల్లుతో బెజ్జం వేసి, తర్వాత పొట్టి బోరింగ్ టూల్‌తో సరైన కొలతకి పెద్దది చేయాలి. డ్రిల్లు పొడుగు కాబట్టి హెడ్ పైకెత్తాలి. బోరింగ్ టూల్ పెట్టాక కిందికి దించాలి. బ్రాకెట్ బిగించిన బల్లని మధ్యలో తాకను కూడా తాకడం లేదు. అయినా బెజ్జంలోకి తొంగి చూస్తే మనకి ముందున్న పక్క మాత్రం అద్దంలా మెరుస్తోంది, వెనక పక్క డ్రిల్లు గీతలు అలాగే ఉన్నాయి. టూల్ అక్కడికి చేరనే లేదన్నమాట. మూడు బ్రాకెట్లు పాడయ్యాయి.

ఇంకొకటి. డయల్ ముల్లు కుడివైపు తిరిగితే అక్కడ బల్ల ఎత్తుగా ఉన్నట్టా, పల్లంగా ఉన్నట్టా? మొదటి రోజంతా దీని దగ్గరే పోయింది.

ప్రెస్సు ఆయన రెండుసార్లు వచ్చి గుమ్మంలోనే నిలబడి వెళ్ళాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. గది చిందరవందరగా ఉంది.

మీ బావకి పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తారు.

చెల్లి


జూలై 11

చెల్లాయ్,

ఇది నీ మీద కోపం కాదు, ముందే చెబుతున్నాను.

ముల్లు కుడివైపు తిరిగితే బల్ల ఎత్తా, పల్లమా? ఈ ప్రశ్న బావ అడిగించాడా? ముప్పయ్యేళ్ళ కిందట ఇదే ప్రశ్న నేను బావని అడిగాను. డిపార్టుమెంటంతా నవ్వింది. నెల్లాళ్ళు నన్ను ‘ఎత్తా పల్లమా’ అనే పిలిచారు. అది గుర్తుపెట్టుకుని ఇప్పుడు నీ చేత రాయించాడంటే, నేను ముసలి గుర్రం అన్నందుకు బదులు తీర్చుకుంటున్నాడన్నమాట. ఎకసెక్కాలకి కూడా ఓ అంతుండాలని చెప్పు. ఆయన గారు కుర్చీలో కూర్చుని నవ్వుకుంటూ నీ చేత బోల్టులు బిగిస్తున్నాడా? నీ చేతుల్లో బొబ్బలేమిటి? అతని చేతులకేమైంది?

బెజ్జం సంగతి కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నిజంగానే అలా వస్తోందంటే ఆ మిషన్ పని అయిపోయిందని అర్థం. లోపల జారే పట్టాలు అరిగిపోయి ఉంటాయి. దాని మీద ప్రాణం పెట్టుకుని కూర్చోవద్దు. మీ ఊళ్ళోనే నాకు తెలిసిన ఒక పాత యంత్రాల వ్యాపారి ఉన్నాడు, నెమ్మదస్తుడు. మిషన్ చూసి రమ్మని అతనికి రాశాను. బావ ఒప్పుకోడని తెలుసు. నువ్వే నచ్చజెప్పు. అది పోతే ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి. క్వార్టర్లో ఓ గది ఖాళీగానే ఉంది.

అన్నయ్య


జూలై 30

అన్నయ్యా,

నువ్వు పంపిన వ్యాపారి వచ్చి వెళ్ళాడు. నువ్వన్నట్టు నెమ్మదస్తుడే. జేబులోంచి సుద్దముక్క తీసి, మిషన్ అటు నుంచీ ఇటు నుంచీ చూసి, కాలమ్ మీద ఒక గుర్తు పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడు వెనక గది తలుపు దగ్గర కుర్చీలో ఉన్న మీ బావ ఎడం చేత్తో కుర్చీ చెయ్యిని బాదడం మొదలుపెట్టారు. “కింద! కింద!” అని అరిచారు. పాపం ఆ మనిషి హడలిపోయి, తను కూర్చున్న స్టూలు దిగి నేల మీద కూర్చున్నాడు. ఇంకా గట్టిగా అరిచారు. అతను లేచి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక దాచి లాభం లేదు. రేపో మాపో అతనే నీకు రాస్తాడు.

మార్చిలో మీ బావకి పక్షవాతం వచ్చింది. షెడ్డులో, మిషన్ దగ్గరే పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పని చేయడం లేదు. మాట పోయింది. ఆస్పత్రిలో ఉంచారు, తర్వాత ఇంటికి తెచ్చుకున్నాను. కాలు కొంచెం కొంచెం వస్తోంది, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. మనం చెప్పేదంతా ఆయనకి అర్థమవుతుందని, తిరిగి చెప్పడమే రాదని డాక్టరమ్మ అంది. ఉన్నది ఒక్కటే మాట, కింద. దేనికైనా అదే. దిండు కిందికి లాగాను, అది కాదు. మంచం కింద వెతికాను, చెప్పులు తీసిచ్చాను, విసిరికొట్టారు. చివరికి అదొక అలవాటు మాటేలే అనుకుని వదిలేశాను.

మిషన్ ఇంటికి తెచ్చింది అందుకే. ఆయన్ని వదిలి నేను షెడ్డుకి వెళ్ళలేను. పని మానలేను. ఇన్నేళ్ళూ ఆయన కోసిన ముక్కల అంచులు అరగదీసింది, కొలిచి పెట్టెల్లో సర్దింది నేనే కదా. సగం పని చూసే వచ్చింది. మిగతా సగం కోసం నీకు రాశాను. ముల్లు సంగతి ఎకసెక్కం కాదు. నాకు నిజంగానే తెలియదు.

నీకెందుకు చెప్పలేదో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు. అమ్మ తుంటి విరిగినప్పుడు నువ్వు వచ్చావు. వచ్చిన రెండో రోజుకి అమ్మ సామానంతా లారీ ఎక్కింది. నీ దగ్గర అమ్మకి ఏ లోటూ లేదు. వదిన కన్నకూతురిలా చూసింది. కానీ అమ్మ చివరిదాకా చుట్టాలింటికి వచ్చినదానిలా కాళ్ళు ముడుచుకునే కూర్చుంది. నువ్వు గమనించావో లేదో నాకు తెలియదు. నేను చూశాను. నీకు ప్రేమ వస్తే ఆగవు. ఈ గది, ఈ మిషన్, ఈ కుర్చీ ఇక్కడే ఉండాలి నాకు. కాబట్టి ఇప్పుడు రావద్దు.

ప్రెస్సు ఆయనకి ఇంకో నెల గడువు అడిగాను. ఇస్తానన్నాడు గానీ ముఖం అటు తిప్పుకుని అన్నాడు.

చెల్లి


ఆగస్టు 8

చెల్లాయ్,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. టీ చెప్పాను, తాగకుండానే లేచి వచ్చేశాను. మీ వదిన ఒక్కటే మాట అంది: “ఆ పిల్ల రావద్దంది. వినండి.” సెలవు కాగితం రాసి సంతకం కూడా పెట్టాను. చించేశాను.

రావడం లేదు. ఇది కోపంతో రాస్తున్న మాట కాదు. కాస్త కోపం ఉంది. మార్చి నుంచి నేను బావ మీద ఎన్ని జోకులు వేశానో తలుచుకుంటే ఆ ఉత్తరాలన్నీ వెనక్కి తెచ్చుకోవాలనిపిస్తోంది. అతని చేతులకేమైందని అడిగాను, చూడు. అమ్మ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను గమనించాను. బాగవుతుందిలే అనుకున్నాను.

ఇప్పుడు పని మాట.

బావ ఏమంటున్నాడు? కింద అంటున్నాడు. ఎప్పటి నుంచి అంటున్నాడు? ఆస్పత్రిలో అనేవాడా, లేక మిషన్ ఇంటికి వచ్చాక మొదలైందా? నాకు రాసి జవాబు కోసం ఎదురుచూడకు, నీలో నువ్వే గుర్తు చేసుకో. నా అనుమానం నిజమైతే అది అలవాటు మాట కాదు. హెడ్ సరిచేయమని నేను చెప్పాను, ఇద్దరం పైన చూస్తూ కూర్చున్నాం. అతను కింద చూడమంటున్నాడు. కాలమ్ అడుగున. పక్కనే ఉన్న మనిషిని వదిలేసి ఎక్కడో ఉన్న నన్ను అడిగావు. ఆ మనిషికి జవాబు తెలుసు.

నేనూ తప్పే చెప్పాను. ముందూ వెనకా తేడా ఉంటే వదిలేయమన్నాను. ఆ తేడా హెడ్‌ది కాకపోవచ్చు. కాలమే వెనక్కి వాలి ఉంటే, హెడ్ పైకి వెళ్ళినకొద్దీ వెనక్కి పోతుంది, దించితే ముందుకి వస్తుంది. డ్రిల్లు పైన ఉండి వెనగ్గా వేసిన బెజ్జంలోకి బోరింగ్ టూల్ కిందికి దిగి ముందుగా వస్తుంది. ముందు పక్క మెరుస్తుంది, వెనక పక్క గీతలు మిగులుతాయి. నువ్వు రాసింది అక్షరాలా అదే. నేను నమ్మలేదు.

ఇలా చూడు. ఇనుప మూలమట్టాన్ని బల్ల మీద నిలబెట్టు. డయల్ మొన దాని నిలువు అంచుకి ముందు వైపు నుంచి ఆనించు. స్పిండిల్ తిప్పకుండా హెడ్‌ని మాత్రం పైకీ కిందికీ నడుపు. ముల్లు కదలకూడదు. కదిలితే కాలమ్ నిలువుగా లేదు. కాలమ్‌ని దిమ్మకి పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి, ఎటు వాలిందో ఆ పక్క అడుగున పల్చటి ఇత్తడి రేకు పెట్టి బిగించాలి. ఆ తర్వాతే హెడ్. ముందు కాలమ్, తర్వాత హెడ్.

చేసే ముందు బావని అడుగు. అవునో కాదో తలూపేలా అడుగు.

ముల్లు కుడికి తిరిగితే ఎత్తు.

అన్నయ్య


సెప్టెంబరు 3

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన రోజున ఆయనకి అన్నం పెట్టి, మూతి తుడిచి, ఎదురుగా కూర్చుని అడిగాను. “కాలమ్ కిందా?” అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. తర్వాత తలూపారు, ఒకసారి కాదు, ఆపకుండా. నువ్వన్నది నిజమే. ఆస్పత్రిలో ఆయన ఏ మాటా అనలేదు. మెకానిక్ మిషన్ బిగించిన రోజునే మొదలైంది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను, పట్టించుకోలేదు.

మెకానిక్‌ని పిలిచి అడిగాను. కాలమ్ విప్పినప్పుడు అడుగున వెనక పక్క ఓ రేకుముక్క అతుక్కుని ఉందట. నూనె మురికి పట్టిన చెత్త అనుకుని గీకి పారేశాడట. అది మీ బావ ఎప్పుడో పెట్టుకున్న రేకు. ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు. మీ బావ మాత్రం అతని వైపు ఒక చూపు చూశారు. నీకు ఆ చూపు తెలుసు.

ఆయన కుర్చీని మిషన్ పక్కకి లాగాం. నువ్వు చెప్పినట్టు మూలమట్టం పెట్టి హెడ్ పైకి నడిపితే ముల్లు కదులుతూనే పోయింది. నేను బోల్టు వదులు చేయడం, మెకానిక్ గునపంతో కాలమ్‌ని వెంట్రుకవాసి ఎత్తి పట్టుకోవడం, నేను రేకు తోయడం. రేకులు కత్తిరించి వరసగా ఆయన ఒళ్ళో పెట్టాను. ఎడం చేతి వేళ్ళతో ఒక్కొక్కటీ నలిపి చూసి కొన్ని కింద పడేశారు. ఒకటి నా చేతికిచ్చారు. అది పెట్టి బిగించి చూస్తే తేడా సగానికి తగ్గింది. ఇంకొకటి ఇచ్చారు. రెండోదానికి ముల్లు నిలబడిపోయింది. పైకి నడిపాను, కిందికి నడిపాను. గడియారం ఆగిపోయినట్టు ఉంది. మెకానిక్ డయల్ పాడైందేమోనని వేలితో తట్టి చూశాడు.

మర్నాడు మళ్ళీ మొదటి నుంచి హెడ్ సరిచేశాను. ఈసారి ముందూ వెనకా కూడా ముల్లు ఒక్కచోటే నిలిచింది. తర్వాత బెజ్జం వేశాను. టార్చి వేసి చూశాను. చుట్టూ ఒకే మెరుపు. ఆ బ్రాకెట్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడితే చూపుడువేలు లోపల పెట్టి తిప్పి తిప్పి చూసి, నాకు తిరిగి ఇవ్వలేదు. ఆ రోజంతా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

మిగతావి పదిహేను రోజుల్లో అయ్యాయి. మధ్యలో ఒక టూల్ విరగ్గొట్టాను. నిన్న ప్రెస్సు ఆయన వచ్చాడు. ఈసారి లోపలికి రమ్మన్నాను. ఒక జత బ్రాకెట్లలో కడ్డీ దూర్చి తిప్పి చూశాడు, వేలితో తోస్తే చాలు తిరిగింది. ఇంకో జత చూశాడు. “ఇదివరకటి పనిలాగే ఉందమ్మా. ఎవరు చేశారు?” అన్నాడు. ఇన్ని నెలలూ అబద్ధం అలవాటైపోయింది కదా, ఆలోచించకుండానే “మావారే చేశారండీ” అనేశాను.

కుర్చీలోంచి “కాదు” అని వినిపించింది.

గట్టిగా కాదు. స్పష్టంగా. ప్రెస్సు ఆయన అటు తిరిగి, ఏమన్నారండీ అన్నాడు. మీ బావ ఎడం చెయ్యి ఎత్తి నన్ను చూపించి, మళ్ళీ “కాదు” అన్నారు. అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. అతను చేతిలో ఉన్న బ్రాకెట్‌నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇంకో పని ఉంది, వచ్చే వారం కొలతలు తెస్తానని నాతో చెప్పి వెళ్ళాడు. అతను వెళ్ళాక నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే గిన్నెలు సర్దాను.

డాక్టరమ్మకి చెబితే సంతోషించింది. ఒక్కో మాటా ఇలాగే వస్తుందట. ప్రస్తుతానికి వచ్చిన మాట “కాదు” కాబట్టి అన్నిటికీ “కాదు” అనే అంటారు. పాలు తాగుతారా అంటే కాదు. తాగేస్తారు. కిటికీ వేయనా అంటే కాదు. వేయకపోతే కసురుకుంటారు.

ఇందాక ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు, “అన్నయ్యనీ వదిననీ ఓ వారం రమ్మని రాయనా?” అని అడిగాను. “కాదు” అన్నారు. అంటూనే తన పక్కనున్న ఖాళీ కుర్చీ మీది ఇనుప రజనుని ఎడం చేత్తో దులుపుతున్నారు.

కాబట్టి రండి.

చెల్లి